చిన్న కారు - పెద్ద జాగ్రత్త

రాత్రి భోజనాలయ్యాక మీ ఇంట్లో ఒక గది తలుపు మూసుకుంటుందా? తలుపు సందులోంచి థిన్నరు వాసన వస్తుందా? "ఇంకా పడుకోలేదేమిరా?" అని అడిగితే "ఒక్క చక్రం అతికించి వచ్చేస్తానమ్మా" అన్న జవాబు వినిపిస్తుందా? అయితే మీ ఇంట్లో మోడల్ కార్లు కట్టే మనిషి ఉన్నాడన్న మాట. ఆ మనిషి పదో తరగతి చదివే అబ్బాయి కావచ్చు. ఉద్యోగం నుంచి రిటైరైన మామగారు కావచ్చు. ఈ వ్యాసం చదువుతున్న మీరే కావచ్చు.

ఇలాంటి ఇళ్లలో సాధారణంగా రెండు పక్షాలు ఉంటాయి. "ఆ వాసనకి తల పగిలిపోతోంది, ఆ సామానంతా ఎత్తి అవతల పారేస్తాను" అనేది ఒక పక్షం. "తాగుడా, పేకాటా? ఇంటిపట్టున కూచుని బొమ్మ చేసుకుంటుంటే మీకేమిటి బాధ?" అనేది రెండో పక్షం. డాక్టరు దగ్గరికి తీర్పుకు వస్తే ఇద్దరూ సగం సగం గెలుస్తారు. సరదా మంచిదే, వాసన మాత్రం మంచిది కాదు. సరదాను ఉంచుకుని వాసనను ఎలా సాగనంపాలో ఈ వారం తెలుసుకుందాం.

ఏమిటీ కార్లు?

మోడల్ కార్లలో పాతకాలపు డ్రాగ్ రేసు కార్లంటే కొందరికి ప్రత్యేకమైన మోజు. డ్రాగ్ రేసులో మలుపులు ఉండవు. తిన్నని రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం వెలగ్గానే పావు మైలు, అంటే సుమారు 402 మీటర్లు, దూసుకుపోతాయి. కొన్ని సెకన్లలో పందెం ముగిసిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో ఖాళీగా పడి ఉన్న విమానాల రన్‌వేలు ఈ పందాలకు బాగా పనికొచ్చాయి. 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించి వీటికి నియమాలు ఏర్పరిచాడు. 1955లో ఆ సంస్థ మొదటి జాతీయ పోటీ జరిగింది కూడా కాన్సాస్ రాష్ట్రంలోని ఒక పాత వైమానిక స్థావరంలోనే.

ఆనాటి డ్రాగ్ కారు ఆకారం చూస్తే నవ్వొస్తుంది. ముందు సైకిలు చక్రాల్లాంటి సన్నటి చక్రాలు. వెనక బండెడు వెడల్పున్న నున్నటి టైర్లు. మధ్యలో నిచ్చెనలాంటి పొడుగాటి గొట్టాల చట్రం. డ్రైవరు ముఖం ఎదురుగా పెద్ద ఇంజను. బండిని ఆపడానికి వెనక ఒక పారాచూట్. రెవెల్, మోనోగ్రామ్, ఎ.ఎం.టి. వంటి కంపెనీలు 1960ల నుంచే ఇలాంటి కార్లను అచ్చం అలాగే 24వ వంతు, 25వ వంతు సైజులో ప్లాస్టిక్ కిట్లుగా అమ్మాయి.

ఆ సైజు ఎంతటి సూక్ష్మమైన పనో ఒక్క లెక్కతో తెలుస్తుంది. అసలు కారులో ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య 200 అంగుళాలుంటే, మోడల్లో 8 అంగుళాలే ఉంటాయి. అసలు ఇంజనులో స్పార్క్ ప్లగ్గు తీగ మందం సుమారు 7 మిల్లీమీటర్లు. మోడల్లో అది మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. అలాంటి తీగలు ఎనిమిది, ఒక్కొక్కటీ దాని చోట దూర్చి అతికించాలి. కంటికీ మెడకూ వేలికీ ఎంత పనో మీరే ఊహించుకోండి.

సికింద్రాబాదుకు ఈ సరదా కొత్తగా కనిపించవచ్చు కానీ, చేతిపని కొత్త కాదు. నిజాం కాలం నుంచి లాలాగూడ రైల్వే వర్క్‌షాపు ఉన్న ఊరు ఇది. ఇనుము, ఇత్తడి, స్క్రూలు, స్పానర్ల మధ్య పెరిగిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. రాణీగంజ్ వెళితే పనిముట్లు, మోటారు విడిభాగాలు, రంగులు, థిన్నర్లు అన్నీ దొరుకుతాయి. మోడల్ కట్టే మనిషికి అది స్వర్గమే. చిక్కంతా కూడా అక్కడే ఉంది. ఆ థిన్నరూ, ఆ లప్పం, ఆ రంగూ గ్యారేజీ వాడకం కోసం తయారైనవి. గ్యారేజీ మూడు వైపులా తెరిచి ఉండే షెడ్డు. మీ అబ్బాయి గది పది అడుగుల పడకగది, దోమలు వస్తాయని కిటికీ కూడా మూసి ఉంటుంది.

ముందు మంచి మాట

ఈ వ్యాసంగం వల్ల మేలు లేకపోలేదు. గంటసేపు మనసు ఒకే పని మీద నిలుస్తుంది. వేళ్లకు నేర్పు వస్తుంది. తొందరపడితే పని చెడిపోతుందని పిల్లవాడు ఎవరూ చెప్పకుండానే తెలుసుకుంటాడు. రిటైరైన పెద్దలకు పొద్దు గడవడమే కాదు, రేపు చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉంటుంది. ఆ వయసులో అదెంత బలమో పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ తెలుసు. కాబట్టి సామాను బయట పారేయకండి. పని చేసే పద్ధతి మార్చండి.

పద్ధతి మార్చడం అంటే ఏమిటో ఆ కార్ల చరిత్రలోనే ఒక పాఠం ఉంది. డాన్ గార్లిట్స్ అనే డ్రైవరు డ్రాగ్ రేసుల్లో పేరుమోసినవాడు. తన కార్లకు "స్వాంప్ రాట్" అని పేరు పెట్టి వరస నంబర్లు ఇచ్చేవాడు. 1970 మార్చిలో కాలిఫోర్నియాలో పందెం మొదలవుతుండగా ఆయన కారు గేరుపెట్టె పేలిపోయింది. కుడి పాదంలో కొంత భాగం తెగిపోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన పందాలు మానలేదు. ఇంజను ముందుండటమే ప్రమాదమని గ్రహించి, దాన్ని డ్రైవరు వెనక అమర్చి 14వ నంబరు కారు కట్టాడు. 1971లో దానితోనే గెలవడం మొదలుపెట్టాడు. కొద్ది ఏళ్లలో మిగతావాళ్లూ అదే దారి పట్టారు.

మీరూ చేయాల్సింది అదే. సరదా మానక్కర్లేదు. ప్రమాదం మీ ముఖానికి ఎదురుగా లేకుండా అమర్చుకుంటే చాలు.

ముక్కు చెప్పే మాట నమ్మవచ్చా?

థిన్నర్లలో, ప్లాస్టిక్ అతికించే జిగుళ్లలో టోలీన్, అసిటోన్, మిథైల్ ఇథైల్ కీటోన్, బ్యూటైల్ అసిటేట్ వంటి ద్రవాలు ఉంటాయి. పొయ్యి మీద పెట్టకుండానే ఇవి గాలిలోకి ఆవిరైపోతాయి. ఊపిరితో లోపలికి వెళ్లి, రక్తంలో కలిసి, చూస్తుండగానే మెదడుకు చేరతాయి. తలనొప్పి, తల తిరగడం, వికారం, కళ్ల మంట, కారణం లేని చిరాకు వాటి మొదటి గుర్తులు. గదిలోంచి బయటకు వచ్చి అరగంట తిరిగితే తలనొప్పి తగ్గి, మళ్లీ బల్ల దగ్గర కూచుంటే మొదలవుతుంటే అది కళ్లజోడు తలనొప్పి కాదు, థిన్నరు తలనొప్పి అని అనుమానించాలి.

"మొదట్లో వాసన వచ్చింది డాక్టరుగారూ, ఇప్పుడు రావడం లేదు" అని కొందరు ధైర్యంగా చెబుతారు. వాసన పోలేదు, ముక్కు అలిసిపోయింది. కాసేపటికి ముక్కు వాసనను పట్టించుకోవడం మానేస్తుంది. ఆవిరి మాత్రం ఊపిరితిత్తుల్లోకి వెళుతూనే ఉంటుంది. బయటి నుంచి గదిలోకి వచ్చిన మీ ఇల్లాలు ముక్కు మూసుకుందంటే ఆమె ముక్కు చెప్పేదే నిజం.

కొన్ని జిగుళ్లలో హెక్సేన్ అనే ద్రవం ఉంటుంది. 1960లలో జపానులో ఇళ్లలో కూచుని చెప్పులు అతికించే పనివాళ్లకు కాళ్ల వేళ్లు, చేతివేళ్లు తిమ్మిరెక్కి, క్రమంగా కాళ్లలో బలం తగ్గిపోయింది. కారణం జిగురులోని హెక్సేన్ అని తేలింది. ఇది నరాలను దెబ్బతీస్తుంది. పని మానేసిన తర్వాత కూడా కొన్ని వారాలపాటు తిమ్మిరి పెరగవచ్చు. కాబట్టి అరికాళ్లలో తిమ్మిరి, చేతిలోంచి వస్తువులు జారిపోవడం కనబడితే "బలం మందు" కొనుక్కుని ఊరుకోకండి. వాడే జిగురు డబ్బా చేతపట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మరికొన్ని జిగుళ్లలో డైక్లోరోమీథేన్ ఉంటుంది. ఇది శరీరంలోకి వెళ్లాక కొంత భాగం కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే వచ్చే విషవాయువు అదే. గుండెజబ్బు ఉన్న పెద్దలు డబ్బా మీద ఈ పేరు కనిపిస్తే దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

బల్ల ఎక్కడ వేసుకోవాలి?

ఒక సూత్రం గుర్తుంచుకోండి. ముందు తాజా గాలి, తర్వాత మీరు, తర్వాత పని, ఆఖరున కిటికీ. గాలి ఈ వరసలో నడవాలి. అంటే గది తలుపు మీ వెనక తెరిచి ఉండాలి. బల్ల కిటికీకి ఆనించి ఉండాలి. మీరు కిటికీ వైపు ముఖం పెట్టి కూచోవాలి. అప్పుడు ఆవిరి మీ ముక్కు దగ్గరికి రాకుండా బయటకు పోతుంది. వెలుతురు కోసమని కిటికీకి వీపు పెట్టి కూచుంటే గాలి ఆ ఆవిరిని గది లోపలికి తోస్తుంది, ఇల్లంతా కమ్ముకుంటుంది.

"ఫ్యాను తిరుగుతోందిగా" అంటారు. సీలింగు ఫ్యాను ఆవిరిని బయటకు పంపదు, గదంతా సమంగా పంచిపెడుతుంది. ఎ.సి. గదిలో మరీ ప్రమాదం. చాలా ఎ.సి.లు లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతాయి.

స్ప్రే డబ్బాతో రంగు వేయడం గదిలో వద్దే వద్దు. అది డాబా మీదో, తెరిచిన వరండాలోనో చేయండి. గాలి మీకు ఎదురుగా కాక పక్క నుంచి వీచేలా నిలబడండి. వానాకాలంలో చెమ్మకు రంగు తెల్లబారుతుంది. అందుకని కిటికీలు మూసి లోపల స్ప్రే చేసేవాళ్లున్నారు. అంతకంటే వాన వెలిసేదాకా ఆగడం మంచిది. కారు రేపు రంగు తేలుతుంది, తొందరేముంది? రంగు ఆరేదాకా కూడా మోడల్‌ను పడకగదిలో ఉంచకండి.

ఇంకొక ముఖ్య విషయం. థిన్నరు ఆవిరి గాలికంటే బరువైనది. అది నేల వెంట పాకుతూ పక్క గదికి చేరుతుంది. అక్కడ గ్యాసు పొయ్యి, పూజగదిలో దీపం, అగరువత్తి, దోమల చుట్ట, ఎవరో ముట్టించిన సిగరెట్టు ఉంటే భగ్గుమంటుంది. చిన్న ఫ్లాట్లలో వంటింటికీ పడకగదికీ ఎంత దూరం? థిన్నరు మూత తీసేముందు "పొయ్యి మీద ఏమైనా ఉందా? దీపం కొండెక్కిందా?" అని అడగడం అలవాటు చేసుకోండి. మామూలు టేబులు ఫ్యాను మోటారు నిప్పురవ్వ కూడా చాలు. అందుకే స్ప్రే చేసేచోట దాన్ని పెట్టకూడదు. స్ప్రే డబ్బాలను మన ఎండాకాలపు ఎండలో డాబా మీదగానీ, నిలిపిన కారులోగానీ వదిలేయకండి. వేడికి అవి పేలిపోతాయి.

మాస్కు ఉందిగా!

2020లో కరోనా వచ్చినప్పటి నుంచి ప్రతి ఇంట్లో మాస్కులున్నాయి. అయితే ఏ మాస్కు దేన్ని ఆపుతుందో తెలుసుకోవాలి. చేతిరుమాలు, ఆపరేషను గదుల్లో వాడే పల్చటి మాస్కు ఇక్కడ దాదాపు ఎందుకూ పనికిరావు. ఎన్-95 మాస్కు ముఖానికి బిగుతుగా ఉంటే ధూళిని, రంగు తుంపరలను ఆపుతుంది. ఆవిరిని మాత్రం ఆపలేదు. ఆవిరిని ఆపాలంటే బొగ్గుపొడి నింపిన కార్ట్రిడ్జి ఉండే రబ్బరు మాస్కు కావాలి. పనిముట్ల దుకాణాల్లో "ఆర్గానిక్ వేపర్" మాస్కు అని అడగండి. దాని కార్ట్రిడ్జిని వాడనప్పుడు గట్టిగా మూసిన డబ్బాలో పెట్టాలి, గడువు ప్రకారం మార్చాలి. గుబురు గడ్డం ఉంటే ఏ మాస్కూ ముఖానికి సరిగా అంటదు.

ఇక్కడొక చిత్రం ఉంది. ఇంజను ముందున్న ఆ పాత కార్లలో డ్రైవర్లు పొగ నుంచి కాపాడుకోవడానికి వడపోత ఉన్న ముఖకవచం కట్టుకునేవారు. మోడల్ కట్టేవాళ్లు ఆ డ్రైవరు బొమ్మకు కవచం రంగు ఎంతో శ్రద్ధగా దిద్దుతారు. తమ ముఖానికి మాత్రం ఏమీ ఉండదు!

కారు మెరవాలని మోటారు గ్యారేజీల్లో వాడే రెండు డబ్బాల క్లియర్ కోటు, అంటే గట్టిపరిచే ద్రవం కలిపి కొట్టే రకం, కొందరు ఇంటికి తెస్తున్నారు. దానిలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఇవి ఆస్తమా తెప్పిస్తాయి. ఒకసారి శరీరానికి పడకుండా పోయాక, తర్వాత కొద్దిపాటి ఆవిరికే ఉబ్బసం విరుచుకుపడవచ్చు. మంచి గ్యారేజీల్లో పనివాళ్లు వేరే గొట్టం ద్వారా వచ్చే శుభ్రమైన గాలి పీలుస్తూ ఈ కోటు కొడతారు. ఆ సదుపాయం మీ ఇంట్లో లేదు. కాబట్టి దీన్ని ఇంట్లో వాడకండి. నీటితో పలచన చేసే అక్రిలిక్ రంగులు వాడితే బాధ చాలా తగ్గుతుంది. అయినా స్ప్రే చేసేటప్పుడు మాస్కు తప్పదు.

ధూళి, సీసం, నోట్లో కుంచె

లప్పం పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్దితే సన్నటి పొడి లేస్తుంది. రెజిన్‌తో పోతపోసిన భాగాల పొడి మరీ సన్నం. దీనికి మందు తేలిక. కాగితాన్ని నీళ్లలో తడిపి రుద్దండి. పొడి గాలిలోకి లేవకుండా నీళ్లలో ఉండిపోతుంది. తర్వాత బల్లను తడిగుడ్డతో తుడవండి. చీపురుతో ఊడిస్తే మళ్లీ గాలిలోకి లేపినట్టే. కారుకు పాతబడిన మసి, తుప్పు తేవడానికి వాడే రంగు పొడులకూ మాస్కు అవసరం.

రంగుల్లో సీసం మరో శత్రువు. ఇళ్లకు, అలంకరణకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి మన దేశంలో అమల్లో ఉంది. యంత్రాలకు, బళ్లకు వేసే రంగులకూ, ఎప్పటివో అటక మీది పాత డబ్బాలకూ ఆ భరోసా లేదనే అనుకోండి. ముఖ్యంగా పాత పసుపు, నారింజ, ఎరుపు రంగులు. ఇత్తడి గొట్టాలతో చట్రం కట్టేవాళ్లు వాడే టంకంలో కూడా సీసం ఉండవచ్చు. సీసం చాలావరకు చేతి నుంచి నోటికి పోతుంది. బల్ల దగ్గర టీ, మిక్స్చరు, పకోడీలు వద్దు. లేచాక సబ్బుతో చేతులు కడగండి. సీసం ఎక్కువగా దెబ్బతీసేది పసిపిల్లల మెదడును. పని చేసిన చొక్కాతోనే మనవణ్ని ఎత్తుకోకండి.

సన్నటి గీత కోసం కుంచె మొనను పెదాలతో తడిపే అలవాటు చాలామందికి ఉంటుంది. 1920 ప్రాంతంలో అమెరికాలో గడియారాల అంకెలకు చీకట్లో మెరిసే రేడియం రంగు దిద్దే అమ్మాయిలు కుంచెలను ఇలాగే నోట్లో పెట్టుకునేవారు. వాళ్లలో ఎందరో దవడ ఎముకలు కుళ్లి చనిపోయారు. మీ రంగులో రేడియం లేకపోవచ్చు. అయినా కుంచె స్థానం నోరు కాదు.

మన పాత బొమ్మల పని ఎంత తెలివైనదో చూడండి. కొండపల్లిలో తెల్లపొణికి కర్ర ముక్కలను అతికించడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టుతో చేసిన మక్కు వాడతారు. ఏటికొప్పాక బొమ్మలకు లక్కతో పాటు చెట్ల నుంచి తీసిన రంగులు వేసే పద్ధతిని మళ్లీ నిలబెట్టినందుకు సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నోట్లో పెట్టుకునే పిల్లవాడి చేతికి ఇచ్చే బొమ్మ ఎలా ఉండాలో వాళ్లు ఆలోచించారు. మీ డ్రాగ్ కారు అలాంటి బొమ్మ కాదు. అది అద్దాల బీరువాలో పెట్టే వస్తువు. దాని చిన్న చిన్న భాగాలు మూడేళ్లలోపు పిల్లల గొంతులో అడ్డుపడతాయి.

వేళ్లు అతుక్కుంటే? తెగితే?

క్షణంలో అతికే జిగురు వేళ్లకు అంటితే లాగకండి. గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, మెల్లగా దొర్లించినట్టు విడదీయండి. కనురెప్పలు అతుక్కుంటే బలవంతంగా తెరవకండి. థిన్నరుగానీ, గోళ్ల రంగు తుడిచే ద్రవంగానీ కంటి దరికి రానివ్వకండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, తడిగుడ్డ కప్పి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి. మరో మాట చాలామందికి తెలియదు. ఈ జిగురును దూదితోగానీ నూలుగుడ్డతోగానీ తుడిస్తే ఒక్కసారిగా వేడి పుట్టి చర్మం కాలవచ్చు.

చేతికంటిన రంగును థిన్నరుతో కడగకండి. చర్మంలోని జిడ్డంతా పోయి పగుళ్లు, గజ్జి వస్తాయి. కొబ్బరినూనె రాసి, తుడిచి, తర్వాత సబ్బుతో కడగండి. రెండు ట్యూబులు కలిపే జిగురు చర్మానికి పడకపోతే దద్దుర్లు వస్తాయి. చేతికి తొడుగు వేసుకోండి.

బ్లేడు మొద్దుబారితేనే ఎక్కువ ప్రమాదం. బలం పెట్టాల్సి వస్తుంది, జారుతుంది. పదునైన బ్లేడు వాడి, శరీరానికి దూరంగా కోయండి. బల్ల మీద నుంచి కత్తి జారితే పట్టుకోబోకండి, పడనివ్వండి. పాత బ్లేడ్లను మూత ఉన్న రేకు డబ్బాలో వేయండి. చెత్త ఎత్తే మనిషి చేతులు కూడా చేతులే. గాయం లోతుగా ఉంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు గట్టిగా అదిమి, డాక్టరుకు చూపించి టెటనస్ ఇంజెక్షను అవసరమా అని అడగండి.

కన్ను, మెడ

సన్నటి పని చేసేటప్పుడు రెప్ప వేయడం మరిచిపోతాం. కళ్లు ఎండి మండుతాయి. ఇరవై నిమిషాలకొకసారి తల ఎత్తి, కిటికీలోంచి దూరంగా ఉన్న చెట్టునో వాటర్ ట్యాంకునో ఇరవై సెకన్లు చూడండి. కుడిచేతి వాటమైతే దీపం ఎడమ పక్కన ఉండాలి. నలభై దాటినవాళ్లు మోడల్‌ను ముఖానికి దూరంగా జరుపుతున్నారంటే చత్వారం వచ్చిందన్న మాట. పంతం మాని కళ్లజోడు తీసుకోండి, స్టాండు భూతద్దం కొనుక్కోండి. పిల్లలకు ఒక షరతు పెట్టండి. బల్ల దగ్గర గంట కూచుంటే బయట వెలుతురులో గంట ఆడాలి. పగటి వెలుతురులో తిరగడం చిన్న వయసులో హ్రస్వదృష్టి రాకుండా కొంత కాపాడుతుంది.

మెడ వంచకుండా పనినే పైకి ఎత్తండి. బల్ల మీద నాలుగు లావు పుస్తకాలు పేర్చి వాటి మీద మోడల్ పెట్టినా చాలు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. చెయ్యి తిమ్మిరెక్కినా, మెడనొప్పి భుజంలోకి దిగినా ఆ వారం పని ఆపేయండి.

తల్లిదండ్రులకు ఒక మాట

కొందరు పిల్లలు జిగురును, థిన్నరును కావాలని పీల్చడం మొదలుపెడతారు. ఇది కొత్త సమస్య కాదు. అమెరికాలో ఇది పెరిగిపోయి, 1969లో టెస్టర్ అనే కంపెనీ తన మోడల్ జిగురులో ఆవాల ఘాటు తైలం కలపాల్సి వచ్చింది, పీల్చబోతే ముక్కు మండిపోయేలా. మోడల్ కట్టే పిల్లలందరినీ అనుమానించకండి. ఒక లెక్క మాత్రం చూసుకోండి. కార్లు పెరగకుండా ట్యూబులు ఖాళీ అవుతున్నాయా? నోటి చుట్టూ, ముక్కు కింద దద్దుర్లున్నాయా? పరుపు కింద తడిసిన గుడ్డ, ప్లాస్టిక్ సంచి దొరికాయా? చదువు మీద, తిండి మీద ధ్యాస తగ్గిందా?

పీలుస్తుండగా చూస్తే అరవకండి, కొట్టకండి, తరమకండి. ఆ సమయంలో గుండె లయ తప్పే స్థితిలో ఉంటుంది. భయమూ పరుగూ తోడైతే మొదటిసారి పీల్చిన పిల్లవాడి గుండె కూడా ఆగిపోవచ్చు. మెల్లగా చేతిలోది తీసుకుని, గాలి ఆడేచోట కూచోబెట్టండి. మందలింపు తర్వాత, వైద్యం ముందు. ఇలాంటి విషయాల్లో మాట సాయానికి 2022లో మొదలైన టెలి మానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులో కూడా మాట్లాడతారు.

ఇంట్లో గర్భిణి ఉన్నా, ఆస్తమా ఉన్నవాళ్లున్నా, పసిబిడ్డ ఉన్నా థిన్నరు పని ఆ ఇంట్లో కొన్నాళ్లు ఆపండి. అప్పటిదాకా కత్తిరించడం, తడిపి రుద్దడం, నీటిరంగులు వేయడం వంటి పనులు చేసుకోవచ్చు.

థిన్నరును ఎప్పుడూ కూల్‌డ్రింకు సీసాలో, మంచినీళ్ల సీసాలో పోయకండి. కిరోసిన్ తాగిన పిల్లల కథలు మన ఇళ్లలో అందరికీ తెలిసినవే. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా అవుతుంది. 108కి ఫోను చేసి, ఆ సీసాతో సహా ఆస్పత్రికి వెళ్లండి. కంట్లో పడితే కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగాకే ప్రయాణం. ఆవిరికి స్పృహ తప్పిన మనిషిని ముందు బయటి గాలికి చేర్చండి. అప్పుడు మీరు లోపల ఎక్కువసేపు ఉండకండి. అక్కడ లైటు స్విచ్చి వేయకండి, తీయకండి.

ఈ జాగ్రత్తలన్నీ చదివి "ఇంత గొడవెందుకు, మానేస్తే పోలేదా" అనుకోకండి. వంటింట్లో నిప్పుంది, కత్తిపీట ఉంది. అయినా రోజూ వండుకుంటున్నాం. ఆ రెండింటితో ఎలా మెలగాలో మన అమ్మలు నేర్పారు. థిన్నరుతో మెలగడం మాత్రం మనకు ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఇకనుంచి నేర్చుకుందాం. ఈ ఆదివారం మొదటి పనిగా బల్లను గోడ పక్క నుంచి కిటికీ దగ్గరికి జరపండి. డబ్బాల మీది చిన్న అక్షరాలు భూతద్దం పెట్టి చదవండి. పాతవి, పేరు లేనివి ఏరి పక్కన పెట్టండి. ఆ తర్వాత తీరిగ్గా ఆ ఎనిమిది తీగలూ అతికించుకోండి.